మూత తీసిన కార్బురేటర్

ఫ్రీవే ర్యాంపు సగం ఎక్కాక కారు చచ్చిపోయింది.

వెనక ఒక పెద్ద ట్రక్కు. అది కొట్టిన హారన్‌కి పక్క సీట్లో ఉన్న వేణుమాధవ్ కళ్లు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకున్నాడు. హర్షవర్ధన్ స్టీరింగ్‌ని కుడివైపు తిప్పి, మిగిలిన ఊపుతోనే కారుని గడ్డి అంచుకి చేర్చాడు. ట్రక్కు రాసుకుంటూ పోయింది.

"మళ్లీనా?" అన్నాడు వేణుమాధవ్ కళ్లు తెరిచి.

"మళ్లీనే అంకుల్."

"రేపు ఈ కార్‌లో ఎవరు కూర్చుంటారో తెలుసా నీకు?"

తెలుసు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలియని తెలుగువాడు లేడు. మంత్రిగారి బావమరిది. పెట్టుబడులు ఆకర్షించడానికి అమెరికా వచ్చాడు. ఇప్పటిదాకా శాలువాల్ని బాగా ఆకర్షించాడు. రేపు ఆదివారం ఆయన్ని హోటల్ నుంచి పంచ సరోవర తెలుగు సమితి వేడుక జరిగే హాలుకి ఈ ఎర్ర కన్వర్టిబుల్‌లో ఊరేగించాలి. వచ్చే వారం సమితి అధ్యక్ష ఎన్నిక. వేణుమాధవ్ అభ్యర్థి. ఆయన నినాదం 'మూత తీసిన పాలన'. అంటే అంతా పారదర్శకం, ఏదీ దాచేది లేదు అని. టీషర్టుల మీద వేయించాడు. పులిహోర డబ్బాల మూతల మీద కూడా వేయించాడు.

కారు 1966 నాటిది. ఎనిమిది సిలిండర్లు, మీద టాపు లేదు. వేణుమాధవ్ వేలంలో కొన్నాడు. ఆయన ఒక పెద్ద కంపెనీలో డైరెక్టర్. కార్లలో నడిచే సాఫ్ట్‌వేర్ ఆయన శాఖ. తన కారు బానెట్ ఎటు నుంచి తెరుచుకుంటుందో ఆయనకి ఎప్పుడూ అవసరం పడలేదు.

"దీనికి లాగ్స్ ఎక్కడుంటాయి? డౌన్‌లోడ్ చేసి చూద్దాం."

"ఇందులో సాఫ్ట్‌వేర్ లేదు అంకుల్."

"అసలు లేదా?"

"అసలు."

వేణుమాధవ్ డాష్‌బోర్డ్ వైపు జాలిగా చూశాడు. అనాథ పిల్లల్ని కూడా ఆయన అంత జాలిగా చూసి ఉండడు.

కాసేపాగి హర్ష తాళం తిప్పాడు. కారు ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది. అదే దాని రోగం. ఇంటి ముందు ఎంతసేపు నిలబెట్టినా పిల్లిలా గురగురలాడుతుంది. వీధుల్లో బుద్ధిగా నడుస్తుంది. ర్యాంపు మీద పెడల్ గట్టిగా తొక్కగానే ఒక్క ఉరుకు ఉరికి, కుంటి, ప్రాణం వదిలేస్తుంది. కాస్త విశ్రాంతి ఇస్తే లేచి కూర్చుంటుంది. ఈ ఉదయం నుంచి ఇది మూడోసారి.

"హర్షా, ఒక్క మాట," అన్నాడు వేణుమాధవ్ గొంతు తగ్గించి. "రేపు ఈ కారు స్టేజి దాకా వస్తే నీ రెజ్యూమె మా హెచ్ఆర్ దాకా వెళ్తుంది. రాకపోతే..."

మిగతాది చెప్పనక్కర్లేదు. హర్ష మెకానికల్‌లో ఎమ్మెస్ చేశాడు. వీసా గడియారం నడుస్తోంది. అది ఆగేలోపు ఉద్యోగం రాకపోతే ఇంటికి టికెట్ బుక్ చేసుకోవాలి. యూనివర్సిటీలో పాత కార్ల క్లబ్బులో చేతులు నల్లగా చేసుకున్న అనుభవంతో ఈ కారుని నెల రోజులుగా బాగుచేస్తున్నాడు. జీతం లేదు. వాలంటీర్. సమితి పెద్దలకి వాలంటీర్లంటే ప్రాణం. వీసాకీ ఇబ్బంది ఉండదు, జేబుకీ ఇబ్బంది ఉండదు.

"ఎవరో చేశారు," అన్నాడు వేణుమాధవ్ ఉన్నట్టుండి. "ఇది కుట్ర. పోయిన ఆదివారం పూజ రోజు చేశారు. ఆ కొండల్ రావు ఇంజన్ మీదకి వంగి ఏం చూశాడు?"

హర్ష కారుని మెల్లగా ఇంటివైపు తిప్పాడు.

*

పోయిన ఆదివారం పూజకి కొండల్ రావు వచ్చిన మాట నిజం. ఎన్నికలో ఆయనే రెండో అభ్యర్థి. అయినా వచ్చాడు. సమితిలో ప్రత్యర్థి ఇంటి పూజకి వెళ్లకపోతే అది వార్త. వెళ్లి వంకలు పెడితే అది మర్యాద.

వేణుమాధవ్ ఇంటి ముందు డ్రైవ్‌వేలో కారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బానెట్ తెరిచి ఉంది. బానెట్ ఒక్కటే కాదు, ఇంజన్ నెత్తిన కూర్చున్న కార్బురేటర్ మూత కూడా తీసి ఉంది. హర్ష కొత్త వాషర్ వేసి మూత బిగించబోతుంటే వేణుమాధవ్ ఆపాడు.

"వద్దు, తీసే ఉంచు. మన నినాదం ఏంటి? లోపల ఏముందో జనం చూడాలి. లైవ్ నడుస్తోంది, నువ్వే చెప్పు."

"మూత పెట్టాక పూజ చేసుకోవచ్చుగా," అంది వెనక నుంచి ఆయన భార్య రాధారాణి.

"నీకు తెలీదు, నువ్వు అక్షతలు తే," అన్నాడు వేణుమాధవ్.

హర్ష ఫోను కెమెరా వైపు తిరిగాడు. "ఇది రెండు గొంతుల కార్బురేటర్ అండీ. ఈ రెండు రంధ్రాలే గొంతులు. పైనుంచి గాలి వీటిలోకి దిగుతుంది. మధ్యలో నడుం సన్నగా ఉంది చూశారా? అక్కడికి వచ్చేసరికి గాలి వేగం పెరిగి, దాని ఒత్తిడి పడిపోతుంది. పక్కనున్న ఈ గిన్నెలో పెట్రోలు ఉంటుంది. ఇప్పుడు ఖాళీగా ఉంది లెండి, హారతికి భయం లేదు. గిన్నె అడుగున రెండు ఇత్తడి బిళ్లలున్నాయి, ఒక్కోదానికి ఒక బెజ్జం. వాటిని జెట్లు అంటారు. గొంతులో ఒత్తిడి తగ్గగానే పెట్రోలు ఆ బెజ్జాల్లోంచి పైకి వచ్చి, గాలిలో తుంపరైపోయి, ఇంజన్‌లోకి పోతుంది. ఒక్కో గొంతు నాలుగు సిలిండర్లకి తిండి పెడుతుంది."

"ఎంత పోవాలో ఎవరు చెప్తరు దానికి?" అని అడిగింది కొండల్ రావు భార్య లలిత.

"గొంతుల అడుగున రేకు తలుపులున్నాయి ఆంటీ. మనం పెడల్ తొక్కితే అవి తెరుచుకుంటాయి. ఎంత తెరిస్తే అంత గాలి, ఎంత గాలికి అంత పెట్రోలు."

"మరి గిన్నె నిండి పొంగిపోదా?"

"తేలే బుడ్డి ఉందిగా. పెట్రోలు పెరిగితే అది పైకి లేచి సూదితో దారి మూసేస్తుంది. ఫ్లష్ ట్యాంకులో ఉంటుంది చూడండి, అట్లాంటిదే."

"పూజల గా ముచ్చటేంది బిడ్డా!" అని లలిత ముక్కు మీద వేలేసుకుంది.

ఆ తర్వాత అక్షతల గొడవ మొదలైంది. రాధారాణి తెచ్చిన పళ్లెంలోకి లలిత తొంగి చూసింది.

"వదినా, బాస్మతితోని కలిపిన్రా అక్షింతలు?"

"సోనా మసూరి అయిపోయింది వదినా. ఉన్నవాటితో కలిపాను."

"దేవునికి బిర్యానీ చేస్తున్నమా ఏంది? నాకు ఎర్కనే, అందుకే ఇంటి నుంచే తెచ్చుకున్న," అని లలిత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. అందులో పొట్టి గింజలు, పసుపు ముద్దగా.

పంతులుగారికి రెండు పెళ్లిళ్లున్నాయి, ఒక గృహప్రవేశం ఉంది. ఆయన తగువు తీర్చకుండా గొంతు పెంచి మంత్రం అందుకున్నాడు. "దంపతులంతా చల్లండి!" అన్నాడు. చల్లారు. మొదటి గుప్పెడు వేణుమాధవ్‌ది, కెమెరాకి కనపడేలా. రెండోది కొండల్ రావుది, అంతకంటే పెద్దగా కనపడేలా.

"రాహుకాలం వచ్చేస్తోంది, బండి స్టార్ట్ చేయండి!" అని పంతులుగారు కేక వేశాడు. హర్ష ట్వీజర్‌తో కనపడిన గింజలన్నీ ఏరాడు. ఇంకోసారి చూద్దామని వంగేసరికి వేణుమాధవ్ భుజం పట్టుకుని ఊపాడు. "మూత బిగించు, మూత బిగించు, ముహూర్తం దాటిపోతోంది!"

బిగించాడు. కారు స్టార్ట్ అయింది. చప్పట్లు. కొండల్ రావు ఇంజన్ మీదకి వంగి ఒక సెల్ఫీ తీసుకున్నాడు.

*

శనివారం మధ్యాహ్నానికి విషయం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. నూటికి తొంభైమంది కార్ల కంపెనీల్లో పనిచేసే గ్రూపు అది. సలహాలు కుప్పతెప్పలుగా వచ్చాయి. ఒకరు రీస్టార్ట్ చేయమన్నారు. ఒకరు సప్లై చెయిన్ సమస్య అన్నారు. ఒకరు కార్బురేటర్ ఫోటోని ఏఐకి చూపిస్తే అది చాలా అందమైన ఇడ్లీ పాత్ర అని మెచ్చుకుందట.

చివరికి నిజనిర్ధారణ కమిటీ వేశారు. కమిటీ అంటే వీరభద్రంగారు ఒక్కరే. ఖమ్మంలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, కూతురింటికి ఆరు నెలల కోసం వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఆయన చేతికి దొరికిన పెద్ద కేసు మనవరాలి వాటర్ బాటిల్ పోవడం. అందుకే పిలవగానే వచ్చాడు. గరాజ్‌లో ఫోల్డింగ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఇంజన్‌ని ఆఖరిసారి ఆరోగ్యంగా చూసింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు హర్ష.

"ఊఁ. చూసినవాడే చేసుంటాడు. నా సర్వీసులో నూటికి ఎనభై కేసులు అంతే." ఆయన డోర్‌బెల్ కెమెరా వీడియో చూశాడు. కొండల్ రావు వంగిన చోట ఆపాడు. "ఈయన ఎంతసేపు వంగాడో చూడండి. వంగినవాడికి ఉద్దేశం ఉంటుంది."

"సెల్ఫీ తీసుకున్న సారూ!" అన్నాడు అప్పటికే అక్కడికి చేరిన కొండల్ రావు. "కావాలంటే చూపిస్త. మస్తు లైకులొచ్చినయి."

"అబ్బాయ్, నువ్వు ఎక్కడ ఉంటున్నావ్?" అన్నాడు వీరభద్రం హర్ష వైపు తిరిగి.

హర్ష చేతిలో పానా కింద పెట్టాడు. "కొండల్ రావు అంకుల్ వాళ్ల బేస్‌మెంట్‌లో సార్."

వీరభద్రం నెమ్మదిగా తలాడించాడు. వేణుమాధవ్ ముఖం కారు రంగులోకి వచ్చింది.

"అంటే తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావన్నమాట!"

"నేను తినేది వాళ్లింట్లోనే అంకుల్," అన్నాడు హర్ష.

ఇది జవాబో సమర్థనో ఎవరికీ అర్థం కాలేదు. వీరభద్రం ఉత్తర్వు వేశాడు. సాయంత్రం టీ వేళకి ఇరుపక్షాల ముందు, లైవ్‌లో కార్బురేటర్ విప్పాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు. బానెట్ మీద టేపు అంటించి సంతకం చేశాడు. చాలా రోజుల తర్వాత ఆయనకి ఆకలి వేసింది.

అందరూ లోపలికి వెళ్లాక హర్ష బానెట్ ముందు ఒక్కడే మిగిలాడు. కుట్ర దొరికితే అది అతని తలకి చుట్టుకుంటుంది. ఏమీ దొరక్కపోతే చేతకానివాడవుతాడు. రెండు విధాలా రెజ్యూమె వెళ్లేది చెత్తబుట్టలోకి.

రాధారాణి టీ తెచ్చింది. ఆమె ఒక విడిభాగాల కంపెనీ ల్యాబ్‌కి అధిపతి. ఫెయిలై వచ్చిన పార్టుల్ని కోసి, ఎందుకు ఫెయిలయ్యాయో తేల్చడం ఆ ల్యాబ్ పని. సమితిలో ఆ సంగతి ఎవరూ అడగలేదు. పులిహోరలో ఇంగువ ఎంత వేశారని మాత్రం అడిగేవారు.

"ఆగేముందు ఏమవుతోంది?" అంది కప్పు అందిస్తూ.

"గట్టిగా తొక్కగానే ఒక్క ఉరుకు ఉరుకుతుంది ఆంటీ. అది ఓకే, యాక్సిలరేటర్ పంపు చిన్న పిచికారీ కొడుతుంది, దానికి సొంత దారి ఉంది. తర్వాత సగం బలం పోయినట్టు కుంటుతుంది. ఇంకాసేపటికి పూర్తిగా చచ్చిపోతుంది."

"ఒకేసారి కాదు."

"కాదు. రెండు మెట్లు దిగినట్టు."

"రెండు మెట్లయితే ఒక్కటి దొరకగానే ఆపకు," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

*

సాయంత్రం గరాజ్‌లో నిలబడడానికి చోటు లేదు. సమోసాలు వచ్చాయి. చట్నీ రెండు వర్గాలకీ వేరువేరుగా వచ్చింది. వీరభద్రం టేపు మీద తన సంతకం తానే పోల్చి చూసుకుని, టేపు పీకాడు.

హర్ష గాలి వడపోత డబ్బా ఎత్తి పక్కన పెట్టాడు. మూత స్క్రూలు ఒక్కొక్కటే వదులు చేశాడు. మూత లేచింది. గిన్నెలోని పెట్రోల్ని పిచికారీతో లాగేశాడు. తర్వాత తేలే బుడ్డిని ఊడదీసి, టార్చి వేసి, ట్వీజర్ దించాడు.

పైకి వచ్చిన దాన్ని తెల్లటి పేపర్ ప్లేటులో పెట్టాడు. ఒక బియ్యపు గింజ. పెట్రోల్లో నాని కూడా దాని పసుపు పోలేదు.

"జెట్ బెజ్జం పక్కన పడి ఉంది," అన్నాడు. "తేలే బుడ్డి కింద దాక్కుని ఉండటంతో పూజరోజు కనపడలేదు. నేను బుడ్డి తీసి చూడాల్సింది, చూడలేదు. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు లాగే పెట్రోలు తక్కువ, ఇది కదలదు. ర్యాంపు మీద గట్టిగా తొక్కితే గొంతులు పూర్తిగా తెరుచుకుని పెట్రోలు జోరుగా పోతుంది, దాంతోపాటు ఇదీ వెళ్లి బెజ్జానికి బిరడాలా అతుక్కుంటుంది. ఇంజన్ ఆగగానే లాగేది ఏమీ ఉండదు, ఊడి కింద పడిపోతుంది. అందుకే మళ్లీ స్టార్ట్ అవుతోంది."

వేణుమాధవ్ ప్లేటు లాక్కుని కళ్లజోడు పైకి ఎత్తి చూశాడు. ఆయన ముఖంలో దీపావళి వచ్చేసింది.

"పొట్టి గింజ! చూడండి, అందరూ చూడండి! సోనా మసూరి! మా ఇంట్లో కలిపింది బాస్మతి. ఇది లలితగారి డబ్బాలోది!"

"అయ్యో రామా!" అంది లలిత. "దేవుని మీద చల్లిన బియ్యం బాంబా ఏంది?"

"కేసు తేలింది," అని వీరభద్రం కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆయుధం దొరికింది. డబ్బా కూడా స్వాధీనం చేసుకుంటే..."

లైవ్‌లో లెక్కలేనన్ని హృదయాలు పైకి తేలుతున్నాయి. వేణుమాధవ్ హర్ష భుజం మీద చెయ్యి వేశాడు. ఇంకో చేత్తో ఫోన్ తీశాడు. "నీ మీద అనుమానపడ్డాను, సారీ రా. చూడు, మా కంపెనీలో ఉద్యోగానికి నీ రిఫరల్ ఇక్కడే సబ్మిట్ చేస్తున్నా. నీ పేరు, నా పేరు, బటన్ ఒక్కటే మిగిలింది. మూత బిగించు, ఒక ఫోటో దిగుదాం."

ఆయన బొటనవేలు ఫోన్ తెర మీద అంగుళం ఎత్తులో ఆగింది.

హర్ష గిన్నెలోకి చూశాడు. టార్చి వెలుగులో, రెండో జెట్ పక్కన, ఇంకొక పసుపు గీత. పొడుగ్గా, సన్నగా. అది అతనికి తప్ప ఎవరికీ కనపడదు. గుడ్డతో ఒక్క తుడుపు చాలు. గింజ గుడ్డలో పోతుంది, కారు నడుస్తుంది, బటన్ నొక్కబడుతుంది.

"బిడ్డా," అన్నాడు కొండల్ రావు పక్క నుంచి చాలా చిన్నగా. "ఇంకోటి ఏమన్న ఉందా చూడరాదు?"

హర్ష తల ఎత్తాడు. వంటింటి గుమ్మంలో రాధారాణి నిలబడి ఉంది. ఏమీ సైగ చేయలేదు. సమోసా పళ్లెం పట్టుకుని చూస్తోంది.

"అంకుల్," అన్నాడు హర్ష. "ఒక్క గింజతో ఈ కారు చావదు."

"ఏంటి?"

"గొంతులు రెండు, జెట్లు రెండు. ఒక జెట్ మూసుకుంటే నాలుగు సిలిండర్లు పస్తుంటాయి, మిగిలిన నాలుగూ ఈడుస్తాయి. కారు కుంటుతుంది అంతే. మొత్తం ఆగాలంటే రెండోది కూడా మూసుకోవాలి."

ట్వీజర్ మళ్లీ దిగింది. రెండో గింజ ప్లేటులో మొదటి దాని పక్కన పడింది. పొట్టి గింజ పక్కన దాని పొడవు గరాజ్ చివరి వరుసకి కూడా కనపడింది.

లైవ్‌లో హృదయాలు ఆగి, నవ్వే బొమ్మలు మొదలయ్యాయి.

"బాస్మతి," అంది రాధారాణి గుమ్మంలోంచి. "మా ఇంటిదే. కలిపింది నేను, చల్లింది ఆయన. మూత తీసి ఉంచమన్నది కూడా ఆయనే. వీడియో ఉంది."

వేణుమాధవ్ బొటనవేలు గాల్లోంచి వెనక్కి వచ్చింది. ఫోను జేబులోకి వెళ్లింది.

"ఇప్పుడు ముద్దాయి ఎవరు సార్?" అని ఎవరో అడిగారు.

వీరభద్రం ప్లేటులోని రెండు గింజల్నీ మార్చి మార్చి చూశాడు. "రెండు పక్షాలూ ఆశీర్వదించాయి. ఆశీర్వాదానికి సెక్షన్ లేదు. దేవుడికి సమన్లు ఇవ్వలేం. కేసు కొట్టేస్తున్నా," అని సమోసా అందుకున్నాడు.

వేణుమాధవ్, కొండల్ రావు ఒకరినొకరు చూసుకున్నారు. నాలుగేళ్లుగా ఒకరి ఫోన్ ఒకరు ఎత్తని మనుషులు. ఇద్దరూ కలిసి పక్క గదిలోకి వెళ్లారు. టీ చల్లారేలోపు బయటికి వచ్చారు, భుజాల మీద చేతులు వేసుకుని. సమితి ఐక్యతే ముఖ్యమని, అందుకే ఒకరు అధ్యక్షుడిగా, ఒకరు చైర్మన్‌గా ఏకగ్రీవంగా ఉంటామని ప్రకటించారు. చైర్మన్ పదవి అప్పటిదాకా లేదు. వాహన సమస్యకి మాత్రం 'సాంకేతిక వాలంటీర్ అజాగ్రత్త' కారణమని చివరి వాక్యంలో చేర్చారు. పవిత్రమైన అక్షతల్ని చెత్తలా ట్వీజర్‌తో పట్టుకోవడం కూడా బాధాకరమన్నారు. చప్పట్లు మోగాయి. పూజరోజు కంటే గట్టిగానే మోగాయి.

హర్ష జెట్లు ఊది, గిన్నె తుడిచి, మూత బిగించాడు. జనం వెళ్లిపోయారు. పానాలు పెట్టెలో సర్దుకుంటుంటే రాధారాణి వచ్చింది. పేపర్ ప్లేటులోని రెండు గింజల్ని చిన్న జిప్ కవర్‌లో వేసి అతని చేతికి ఇచ్చింది.

"సోమవారం మా ల్యాబ్‌లో ఇంటర్వ్యూలున్నాయి. నేను సిఫారసు చెయ్యను. ప్యానెల్‌లో నేనొక్కదాన్నే కాదు, నలుగురుంటారు. వాళ్లకి ఇవి చూపించి, ఏం జరిగిందో చెప్పు."

"నా అజాగ్రత్త సంగతి కూడానా ఆంటీ?"

"ముందు అదే చెప్పు. మొదటి కారణం దొరకగానే మూత బిగించేసేవాళ్లు మా దగ్గర ఇప్పటికే ఉన్నారు."

*

ఆదివారం ఉదయం హర్ష ఫోన్ ఆగకుండా మోగింది. ముందు అధ్యక్షుడు చేశాడు, తర్వాత చైర్మన్ చేశాడు. కారు స్టార్ట్ కావడం లేదు. చలికి ఇంజన్ చల్లబడింది. పదిమంది ఇంజనీర్లు చుట్టూ నిలబడ్డారు. స్టార్ట్ బటన్ కోసం వెతుకుతున్నారు.

హర్ష వెళ్లాడు. వెళ్లకపోయినా ఎవరూ తప్పనుకోరు. కానీ బాగుచేసిన కారు ర్యాంపు ఎక్కుతుందో లేదో చూడకుండా సోమవారం ఇంటర్వ్యూలో ఏమని చెప్తాడు?

డాష్‌బోర్డ్ కింది చోక్ నాబ్ లాగాడు. "గొంతుల మీద ఇంకో తలుపు ఉంటుంది. చలిలో దాన్ని మూస్తే గాలి తగ్గి పెట్రోలు వాటా పెరుగుతుంది," అన్నాడు ఎవరూ అడక్కుండానే. పెడల్ ఒకసారి తొక్కి వదిలి తాళం తిప్పాడు. కారు గర్జించింది. ఇంజనీర్లు రెండడుగులు వెనక్కి వేశారు.

మంత్రిగారి బావమరిది హోటల్ మెట్లు దిగాడు. వెనక సీట్లో మధ్యలో కూర్చున్నాడు. అటు వేణుమాధవ్, ఇటు కొండల్ రావు. ముగ్గురి మెడల్లో కలిపి తొమ్మిది శాలువాలు. అప్పుడు లలిత ముందుకి వచ్చింది, స్టీలు డబ్బాతో. ఆమె వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్లు, పళ్లేలతో.

"ఆగండి ఆంటీ!" హర్ష తలుపు తీసుకుని దూకాడు. ముందుకి వెళ్లి బానెట్ మీద రెండు చేతులూ వేసి నొక్కి చూశాడు. గట్టిగా మూసే ఉంది.

"ఇప్పుడు చల్లండి."

చల్లారు. పొట్టివీ పొడుగువీ కలిసి శాలువాల మీద, సీట్ల మీద, బావమరిది బట్టతల మీద పడ్డాయి.

ఫ్రీవే ర్యాంపు వచ్చింది. వెనక ఒక పెద్ద ట్రక్కు, నిన్నటిలాగే. వెనక సీట్లో అధ్యక్షుడు, చైర్మన్ ఒకేసారి ఊపిరి బిగబట్టారు.

"బండి బాగుంది," అన్నాడు బావమరిది సీటు తడిమి. "ఇది ఎలక్ట్రికేనా?"

"అవునండీ," అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

హర్ష పెడల్ని నేలకి ఆన్చాడు. ఒక్క ఉరుకు. కుంటుడు కోసం అతని పాదం ఎదురుచూసింది. అది రాలేదు. రెండు గొంతులూ తెరుచుకుని ఎనిమిది సిలిండర్లూ ఒక్కసారిగా అరిచాయి. ట్రక్కు అద్దంలో చిన్నదైపోయింది.